కిందికి దించడం అపశకునం కాదు

పాఠకుల ప్రశ్నలు – వైద్యుని జవాబులు

గుండెపోటు లక్షణాల గురించి గత సంచికలో రాసిన తరువాత కోనసీమ నుంచీ, నరసాపురం, భీమవరం వైపు నుంచీ చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని అడిగాయి: మనిషి మన కళ్లెదుటే కుప్పకూలిపోతే, వైద్యుడు గానీ అంబులెన్సు గానీ వచ్చేలోగా మనం చేయగలిగింది ఏమిటి? అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పెద్దది. మిగిలిన జవాబులు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉన్నాయి కనుక దానిని దాటవేయవద్దని మనవి.

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర ఒక లంక గ్రామం. క్రిందటి మాఘమాసంలో ఒకనాటి తెల్లవారుజామున, 68 ఏళ్ల మా మామగారు కాఫీ తాగుతూ తాగుతూ నవారు మంచం మీద వెనక్కి ఒరిగిపోయారు. కళ్లు తేలవేశారు. గొంతులోంచి గురక లాంటి శబ్దం మాత్రం ఆగి ఆగి వస్తూండడంతో ఊపిరి ఉందనే అనుకున్నాము. ఎప్పుడో ఫోనులో చూసిన గుర్తుతో నేను ఛాతీ మీద నొక్కబోతే, నవారు కుంగిపోయి మనిషంతా కిందికి దిగిపోయారు తప్ప ఛాతీ కదలలేదు. నేల మీద పడుకోబెడదామన్నాను. మా అత్తగారు "బతికున్న మనిషిని కిందికి దించేస్తావా అమ్మాయ్" అని నా చేయి పట్టుకుని ఏడ్చారు. ఎవరో నోట్లో తులసి తీర్థం పోశారు. చివరికి మంచంతో సహా రేవుకు మోసుకువెళ్లి, పడవ దాటించి, ఆటోలో పట్నం చేర్చేసరికి గంట దాటింది. ప్రాణం ఎప్పుడో పోయిందని చెప్పారు. మేము చేసిన తప్పేమిటి? ఏం చేసి ఉంటే బతికేవారు?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, మీరు ఫలానా పని చేసి ఉంటే ఆయన తప్పక బతికేవారని ఏ వైద్యుడూ చెప్పలేడు. సకల సదుపాయాలూ ఉన్న అమెరికాలో సైతం ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో ప్రాణాలతో ఇంటికి తిరిగి వెళ్లేది పదిమందిలో ఇంచుమించు ఒక్కరే. కాబట్టి ఆ భారాన్ని మీ ఒక్కరి నెత్తిన పెట్టుకోవద్దు. అయితే మీ ఉత్తరంలో ఉన్న నాలుగు సంగతులూ మన ప్రాంతంలో ఇంటింటా జరిగేవే కనుక, వాటిని ఒక్కొక్కటిగా విప్పి చెబుతాను.

మొదటిది ఆ గురక. మన పెద్దలు దానికి ఎగశ్వాస అని సరైన పేరే పెట్టారు. గుండె ఆగిన తరువాత కూడా మెదడు అడుగు భాగంలో మిగిలిన కొద్దిపాటి శక్తితో నోరు తెరుచుకోవడం, చేప గట్టున పడ్డప్పుడు కొట్టుకున్నట్లు గాలి కోసం ఎగపీల్చడం, గరగరమనే శబ్దం రావడం కొన్ని నిమిషాల పాటు జరుగుతాయి. అది ఊపిరి కాదు. పిలిచినా, భుజాలు తట్టి కుదిపినా పలకని మనిషి మామూలుగా ఊపిరి తీయకపోయినా, లేక ఇలా ఆగి ఆగి ఎగపీలుస్తున్నా, గుండె ఆగినట్లే భావించి పని మొదలుపెట్టాలి. నాడి కోసం వెతకవద్దు. కంగారులో మీకు తగిలేది మీ సొంత వేలి నాడే కావచ్చు, దొరికినా దొరక్కపోయినా ఆ వెతుకులాటలో విలువైన సమయం పోతుంది. ఈ నిర్ధారణ అంతటికీ 10 సెకన్లకు మించి తీసుకోకూడదు. ఇంకొక మాట. గుండె ఆగిన తొలి క్షణాల్లో కొందరికి చేతులూ కాళ్లూ కొట్టుకుంటాయి. చుట్టూ ఉన్నవారు మూర్ఛ అనుకుని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టి చూస్తూ కూర్చుంటారు. ఇనుముతో మూర్ఛ ఆగదు, గుండె తిరిగి కొట్టుకోదు. కొట్టుకోవడం ఆగగానే ఊపిరి ఎలా ఉందో చూడండి.

రెండవది తులసి తీర్థం. దాని వెనుక ఉన్న మనసును నేను కాదనను. కానీ స్పృహ లేని మనిషి మింగలేడు. పోసిన చెంచాడు నీరూ నేరుగా ఊపిరితిత్తులలోకి పోతుంది. నీరు, సోడా, కాఫీ, మాత్ర, ఏదీ నోట్లో పెట్టకూడదు.

మూడవది మంచం. మీ అత్తగారి ఏడుపు నాకు బాగా అర్థమయింది, ఎందుకంటే మన ఇళ్లలో మనిషిని మంచం మీది నుంచి కిందికి దించడమంటే ఆశ వదులుకోవడమే. చివరి ఘడియల్లో ఉన్నవారిని దర్భలు పరచిన నేల మీదికి చేర్చే ఆచారం మన రక్తంలో ఇంకిపోయింది, అందుకే "కిందికి దించుదాం" అన్న మాట వినగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. గుండె ఆగినప్పుడు మాత్రం ఇది సరిగ్గా తలకిందులు. ఛాతీ ఎముకకూ వెన్నెముకకూ మధ్యనున్న గుండెను నొక్కి రక్తాన్ని మెదడుకు పంపాలంటే, కింద గట్టిగా ఎదురు నిలిచే ఆధారం ఉండాలి. నవారు మంచం గానీ నులక మంచం గానీ దూది పరుపు గానీ మీరు పెట్టిన బలాన్నంతా తామే మింగేస్తాయి. మీ చేతి కింద ఛాతీ కదలకపోవడానికి కారణం అదే, మీ అశక్తత కాదు. గచ్చు మీదో, గట్టి అరుగు మీదో, కొబ్బరితోటలో అయితే గట్టి నేల మీదో వెల్లకిలా పడుకోబెట్టాలి. అది ప్రాణం పోసే పని అని ఇంట్లోని పెద్దవారికి ముందుగానే, అందరూ కులాసాగా ఉన్న రోజునే చెప్పి ఉంచండి. ఆపద వేళ వాదించే వ్యవధి ఉండదు.

నాలుగవది మోసుకుపోవడం. దీని గురించే నేను ఎక్కువగా చెప్పదలచుకున్నాను. గుండె ఆగిన తరువాత మెదడుకు రక్తం అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాలలో అది చెడిపోవడం మొదలవుతుంది. ఎవరూ ఛాతీ నొక్కకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తరిగిపోతుంది. మీ ఊరి నుంచి రేవుకు నడకే పది నిమిషాలు ఉండవచ్చు. మంచం మోసే నలుగురూ ఎంత పరుగున వెళ్లినా, దారిలో ఎవరూ ఛాతీ నొక్కలేదు కనుక, పడవ ఎక్కేసరికే లెక్క దాదాపు ముగిసిపోయింది. మన డెల్టాలో మనిషి పడిపోతే ముందు "బండి తీయండ్రా" అంటారు. మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య నిలబెట్టినట్లు కూర్చోబెట్టి, తల వేలాడుతుండగా ఏటిగట్టు మీద తీసుకుపోవడం నేను స్వయంగా చూశాను. ఆ ఆదుర్దాలో ఎంత ప్రేమ ఉన్నా అది రోగికి ఉపయోగపడదు. పడినచోటనే, ఆ క్షణమే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. బండి సంగతి రెండవ మనిషి చూసుకోవాలి.

ఇక చేసే విధానం. ఒకరు 108కి ఫోను చేసి, ఫోనును స్పీకరులో పెట్టి పక్కన ఉంచాలి. లంక ఊళ్లలో ఇంటి నంబరు చెబితే ఎవరికీ తెలియదు కనుక రేవు పేరో, లాకుల పేరో, గుడి పేరో చెప్పి, ఒక కుర్రవాడిని రోడ్డు మీద నిలబెట్టాలి. రెండవవారు రోగి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రొమ్ము మధ్యనున్న ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమను, అంటే మణికట్టుకు ఆనుకుని ఉన్న దళసరి భాగాన్ని, ఆనించి, దాని మీద రెండవ చేతిని వేసి, వేళ్లు పెనవేయాలి. మోచేతులు వంచకూడదు. భుజాలు సరిగ్గా చేతుల మీదికి వచ్చేలా ముందుకు వంగి, చేతి బలంతో కాక ఒంటి బరువుతో నొక్కాలి. పెద్దవారిలో ఛాతీ 5 సెంటీమీటర్ల లోతు దిగాలి, 6 దాటకూడదు. సుమారు మూడు వేళ్ల వెడల్పు అనుకోండి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, ఎందుకంటే గుండెలోకి రక్తం తిరిగి నిండేది అప్పుడే. చాలామంది అలసటతో చేతుల బరువును ఛాతీ మీదే ఆన్చి ఉంచేస్తారు, అది సగం శ్రమను వృథా చేస్తుంది.

వేగం నిమిషానికి 100 నుంచి 120 సార్లు. దీనికి లెక్కపెట్టడంలో మన తెలుగుకు ఒక చిక్కు ఉంది. ఒకటి, రెండు, మూడు అని పది దాకా వేగంగా నడిచే నోరు "ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది" దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. నోటితో పాటు చేయి కూడా నెమ్మదిస్తుంది. అందువల్ల నేను నేర్పేటప్పుడు ఒకటి నుంచి పది దాకా మూడుసార్లు లెక్కపెట్టమంటాను. ఆ ముప్పై నొక్కులూ 15 నుంచి 18 సెకన్లలో పూర్తి కావాలి. శిక్షణ పొందినవారయితే ముప్పై నొక్కుల తరువాత రెండుసార్లు నోటితో ఊపిరి ఊదుతారు. శిక్షణ లేనివారు, లేదా నోటిలో నోరు పెట్టడానికి ఇష్టపడనివారు, ఆపకుండా నొక్కుతూ ఉంటే చాలు. ఉన్నట్టుండి గుండె ఆగిన పెద్దవారి రక్తంలో కొన్ని నిమిషాలకు సరిపడా ప్రాణవాయువు ఇంకా మిగిలే ఉంటుంది, దానిని మెదడుకు చేర్చడమే మన పని. ఎంత బాగా నొక్కినా మామూలు రక్తప్రసరణలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే సాధ్యమవుతుంది. మెదడును నిలబెట్టడానికి ఆ కొంచెమే ఆధారం. మన దేశంలో అనస్థీషియా వైద్యుల సంఘం 2017లో సామాన్యుల కోసం రూపొందించిన పద్ధతి కూడా ఛాతీ నొక్కడం మీదే ఆధారపడింది, ఊపిరి ఊదే భాగాన్ని అందులో చేర్చలేదు.

రెండు నిమిషాలు నొక్కితే పొలం పనిచేసే మనిషికైనా చెమటలు పోస్తాయి. అలసట తెలియకముందే చేతుల బలం తగ్గుతుంది కాబట్టి, ప్రతి రెండు నిమిషాలకూ మనిషి మారాలి, మారేటప్పుడు నాలుగైదు సెకన్లకు మించి విరామం ఉండకూడదు. మీ ఊరికి అంబులెన్సు రాలేదనుకోండి, అప్పుడు పడవ గానీ పంటు గానీ ఎక్కించక తప్పదు. ఎక్కించే ఆ కొద్ది క్షణాలు తప్ప, పంటు చెక్కల మీద పడుకోబెట్టి, అక్కడ కూడా నొక్కుతూనే ఉండాలి. ఆటోలో వెనుక సీటు మీద ముడుచుకుపడి ఉన్న మనిషికి ఎవరూ ఏమీ చేయలేరు. వెనుక చదునుగా ఉండే వాహనం ఏదైనా నయం.

ప్రశ్న: గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటేనా? గుండెపోటు వస్తున్నట్లు అనిపిస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే ప్రాణం నిలుస్తుందని ఒక సందేశం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ప్రతి నెలా వస్తూంటుంది. నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర పెట్టుకోవాలని కూడా ఉంటుంది.
– ఒక డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: రెండూ వేరు. కాలువలో తూడు అడ్డుపడి కింది చేలకు నీరు అందకపోతే అది గుండెపోటు. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతుంది, మనిషి నొప్పితో, చెమటలతో ఉంటాడు, కానీ స్పృహలోనే ఉంటాడు, మాట్లాడతాడు. ఇంజనే ఆగిపోతే అది గుండె ఆగిపోవడం. విద్యుత్ లయ చెడి గుండె కొట్టుకోవడం మానేస్తుంది, కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది. మొదటిది రెండవదానికి దారితీయవచ్చు కనుకనే గుండెపోటును అశ్రద్ధ చేయకూడదంటాము. గ్యాసు అనుకుని వాము నమిలి పడుకున్నవారు ఎందరో ఉన్నారు.

స్పృహలో ఉన్న మనిషికి ఛాతీ నొక్కకూడదు. కూర్చోబెట్టాలి, నడిపించకూడదు, 108ని పిలవాలి. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలమనవచ్చు. సార్బిట్రేట్ రక్తపోటును పడవేస్తుంది. మీ వైద్యుడు మీ కోసం రాసి ఉంటేనే అది మీ మాత్ర, పక్కింటివారి డబ్బాలోది మీది కాదు.

దగ్గు సంగతి: గుండె ఆగిన మనిషికి స్పృహే ఉండదు, ఇక ఆయన దగ్గేదెలా? ఆసుపత్రిలో తెర మీద లయను చూస్తూ వైద్యులు కొన్ని క్షణాల పాటు చేయించే ఒక ప్రత్యేక ప్రయోగాన్ని ఎవరో ఇంటి వైద్యంగా మార్చేశారు. ఆ సందేశాన్ని మీరు ముందుకు పంపకండి.

ప్రశ్న: మా పెరటి వెనుకే పంట కాలువ. పోయిన వేసవిలో మా వీధిలోని ఏడేళ్ల బాబు రేవులో జారిపడ్డాడు. బయటికి తీసిన వెంటనే ఒకరు కాళ్లు పట్టి తలకిందులుగా గిరగిరా తిప్పారు, ఇంకొకరు కడుపు మీద నొక్కారు. కొందరు ఉప్పు బస్తాలు తెమ్మన్నారు. అదృష్టవశాత్తు బాబు తనంత తానే దగ్గి ఏడ్చాడు. సరైన పద్ధతి ఏది?
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: కాలువలూ బోదెలూ చేపల చెరువులూ వాకిట్లోనే ఉన్న మన ప్రాంతంలో ఈ ప్రశ్న అన్నిటికన్నా ముందు రావలసింది. తిప్పినవారినీ నొక్కినవారినీ నేను తప్పుపట్టను. తాతల నాటి నుంచి వారు చూసింది అదే. కానీ ఊపిరితిత్తులలోకి పోయిన నీరు సాధారణంగా కొద్దిగానే ఉంటుంది, దానిని బయటికి తీయవలసిన అవసరం లేదు. తిప్పినప్పుడు కారేది చాలావరకు కడుపులో ఉన్న నీరు. కడుపు నొక్కితే ఆ నీరూ, తిన్న అన్నమూ గొంతులోకి వచ్చి, అక్కడి నుంచి ఊపిరితిత్తులలోకి పోతాయి. ఉప్పులో కప్పిపెడితే శవం లేచి కూర్చుంటుందన్న మాట పూర్తిగా అబద్ధం.

మునిగినవారి విషయంలో ముందు ఆగేది ఊపిరి. ప్రాణవాయువు అందక, ఆ తరువాత గుండె ఆగుతుంది. ఇందాక మొదటి జవాబులో ఊపిరి ఊదకపోయినా ఫరవాలేదన్నాను. ఇక్కడ ఆ మాట చెల్లదు. రక్తంలో ప్రాణవాయువే లేనప్పుడు ఆ రక్తాన్ని ఎంత తిప్పినా ప్రయోజనం తక్కువ. బాబును గట్టి నేల మీద పడుకోబెట్టి, నోట్లో నాచో బురదో కనబడితే వేలితో తీసివేసి, నుదుటి మీద ఒక చేయి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి తలను వెనక్కి వాల్చి, ముక్కు మూసి, మీ నోటితో అతని నోటిని పూర్తిగా కప్పి, ఛాతీ పైకి లేచేంత వరకు మాత్రమే ఊదాలి. ఒక్కొక్క ఊపిరికి ఒక సెకను చాలు. అమెరికా నిపుణులు మొదట ఇలా రెండుసార్లు, ఐరోపా నిపుణులు ఐదుసార్లు ఊదమంటారు. ఏది పాటించినా తప్పు లేదు. ఆ తరువాత ముప్పై నొక్కులు, రెండు ఊపిరులు. ఏడేళ్ల పిల్లవాడికి ఒక అరచేయి సరిపోతుంది, ఛాతీ మందంలో మూడో వంతు, అంటే 5 సెంటీమీటర్లు నొక్కాలి. ఏడాది లోపు పసికందుకు రెండు బొటనవేళ్లతో 4 సెంటీమీటర్లు. మధ్యలో వాంతి అవడం దాదాపు ఖాయం. మొత్తం శరీరాన్ని పక్కకు తిప్పి, నోరు తుడిచి, మళ్లీ మొదలుపెట్టండి.

మీ బాబు లేచి ఏడ్చాడు, సంతోషం. అయినా అలాంటివారిని ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, కొన్ని గంటల తరువాత ఆయాసం మొదలయ్యే ప్రమాదం ఉంటుంది.

ఒక చిన్న విషయం, సందర్భం వచ్చింది కనుక. ఈ విద్య నేర్పడానికి ప్రపంచమంతటా వాడే బొమ్మ ముఖం, పారిస్ నగరంలో సెయిన్ నదిలో మునిగి చనిపోయిందని చెప్పుకునే ఒక అనామక యువతి ముఖపు అచ్చు. 1960లో నార్వే దేశపు బొమ్మల తయారీదారు అస్మండ్ లేర్డాల్ దానిని రూపొందించాడు. ఏటిలో పోయిన ఆ అమ్మాయి ముఖానికే ఇన్ని లక్షల మంది ఊపిరి ఊది నేర్చుకున్నారు.

ప్రశ్న: నేను రొయ్యల చెరువులు చేస్తాను. నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర షాకు కొట్టి మా పక్క చెరువు కుర్రవాడు పోయాడు. మాలాంటివాళ్లం ఏం తెలుసుకోవాలి?
– ఒక రైతు, ఆకివీడు వైపు

జవాబు: పరుగెత్తవలసింది మనిషి వైపు కాదు, స్విచ్చు వైపు. కరెంటు ఆగకుండా నీటిలోకి దిగినవాడు రెండవ శవం అవుతాడు. మీ చెరువు గట్టు మీద మెయిను ఎక్కడుందో మేత చల్లే కుర్రవాడి దాకా ప్రతివారికీ చీకట్లో కూడా తెలిసి ఉండాలి. స్తంభం మీది నుంచి తెగిపడిన హైటెన్షను తీగ అయితే వెదురు గెడతో తప్పించే ప్రయత్నం కూడా చేయవద్దు. దూరంగా ఉండి, సబ్ స్టేషనుకు ఫోను చేసి సరఫరా ఆపించాలి. ఇంట్లో వాడే కరెంటు గుండె లయను చెదరగొట్టి, కండరాన్ని వణికే మాంసపు ముద్దగా మార్చేస్తుంది. సరఫరా ఆగిందని రూఢి చేసుకుని, గట్టు మీద పొడి నేలకు లాగి, ఊపిరి లేకపోతే వెంటనే నొక్కడం మొదలుపెట్టండి. షాకు కొట్టినవారు తరచు వయసులో ఉన్నవారు, అంతకుముందు గుండె జబ్బు లేనివారు కావడంతో కోలుకునే అవకాశం ఎక్కువ. తొందరపడి ఆశ వదులుకోకండి. గుండె దానంతట అది తిరిగి కొట్టుకున్నా, లయ మళ్లీ చెడవచ్చు కనుక ఇ.సి.జి. తీయించాలి.

ప్రశ్న: పురుగుమందు తాగినవారికి, పాము కరిచినవారికి కూడా నోటితో ఊపిరి ఊదవచ్చా?
– ఒక ఆశా కార్యకర్త

జవాబు: పురుగుమందు తాగినవారి నోటిలో, ఒంటి మీద ఆ మందు ఉంటుంది. నోరు పెట్టవద్దు. మందు పడిన బట్టలు తీసివేయించి, గ్లౌజులు వేసుకుని ఛాతీ మాత్రం నొక్కండి. పాము విషయం వేరు. కట్లపాము, తాచుపాము విషం కండరాలను చచ్చుబడేస్తుంది: కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, చివరికి ఊపిరి ఆగుతుంది, కానీ గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉండవచ్చు. అటువంటి మనిషికి ప్రతి ఆరు సెకన్లకు ఒక ఊపిరి చొప్పున ఊదుతూ ఆసుపత్రికి చేర్చితే విరుగుడు మందూ కృత్రిమ శ్వాసా కలిసి పూర్తిగా బతికించగలవు. మీకు నాడి చూసే శిక్షణ ఉంది కనుక ఇది చెబుతున్నాను. నాడి తెలియకపోతే మామూలుగా ముప్పై, రెండు లెక్కనే పాటించండి.

ప్రశ్న: ముసలివారిని అంత బలంగా నొక్కితే పక్కటెముకలు విరగవా? తరువాత ఏమైనా జరిగితే కేసు మన మీద పడదా? పరాయి ఆడవారి ఛాతీ మీద చేయి వేయడం ఎలా?
– ముగ్గురు పాఠకుల ఉత్తరాల నుంచి

జవాబు: విరుగుతాయి. పెద్ద వయసువారిలో తరచుగానే విరుగుతాయి. చేతి కింద పెళుక్కుమన్న చప్పుడు వినబడినప్పుడు మొదటిసారి చేసేవారి ఒళ్లు జలదరిస్తుంది. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ ఆ చప్పుడుకు చేతులు వెనక్కి తీసుకుని, మా సీనియరు చేత చివాట్లు తిన్నాను. చేతులు సరైన చోట ఉన్నాయో లేదో చూసుకుని కొనసాగించాలి. విరిగిన ఎముక ఆరు వారాలలో అతుకుతుంది. గుండె నిజంగా ఆగలేదేమో, పొరపాటున నొక్కామేమో అన్న భయం కూడా అక్కరలేదు. స్పృహ ఉంటే ఆ మనిషే మీ చేతులు తోసేస్తాడు, అప్పుడు ఆపండి.

కేసు సంగతి: రోడ్డు ప్రమాదాలలో సాయపడినవారిని వేధించకూడదన్న కేంద్ర మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆమోదం తెలిపింది. 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం 134ఎ సెక్షను ద్వారా, సద్బుద్ధితో సాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత లేకుండా రక్షణ కల్పించింది. పేరు చెప్పాలని కూడా వారిని బలవంతపెట్టకూడదు. ఇంట్లోనో బజారులోనో గుండె ఆగి పడిపోయిన మనిషికి సాయపడినందుకు ఎవరినైనా శిక్షించిన ఉదంతం నా అనుభవంలో లేదు.

స్త్రీల విషయంలో సంకోచం మన దేశంలోనే కాదు, చాలా దేశాల్లో ఉంది, దానివల్ల ఆడవారికి సాయం ఆలస్యంగా అందుతోంది. చీర మీదుగానే నొక్కవచ్చు, మంగళసూత్రాన్ని భుజం వైపు జరిపితే చాలు. చుట్టూ ఉన్న ఆడవారిని చీర అడ్డుపెట్టి నిలబడమనండి. నిండు గర్భిణి అయితే ఇంకొకరు పొట్టను రెండు చేతులతో ఎడమ వైపుకు జరిపి పట్టుకోవాలి, లేకపోతే గర్భం బరువు గుండెకు తిరిగి వచ్చే రక్తాన్ని అడ్డుకుంటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి కేన్సరు ముదిరిపోయింది. ఇంట్లోనే ఉంచమని వైద్యులు చెప్పారు. ఆయనకు కూడా ఇలా చేయాలా?
– ఒక కుమారుడు, రాజోలు

జవాబు: అక్కరలేదు బాబూ. ఉన్నట్టుండి ఆగిన గుండెను తిరిగి నడిపించడానికి ఏర్పడిన పద్ధతి ఇది. శరీరమంతా అలసి, నెమ్మదిగా ఆరిపోతున్న ప్రాణాన్ని ఇది నిలపలేదు. ఆ ఘడియ వచ్చినప్పుడు పక్కన కూర్చుని చేయి పట్టుకోండి. మీ వైద్యునితోనూ, ఇంట్లో అందరితోనూ ముందే మాట్లాడి ఒక మాట మీద ఉంటే, ఆ రోజున ఎవరూ ఎవరినీ నిందించుకోరు. తులసి తీర్థం గురించి మొదటి జవాబులో రాసినదాన్ని ఇక్కడికి తీసుకురాకండి. ఆయన పెదవులు తడపండి.

ప్రశ్న: గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. ఏటా మాకు అంతర్వేది తీర్థం, సంక్రాంతికి ప్రభల తీర్థాలు ఉండనే ఉన్నాయి. మా యువజన సంఘం తరఫున చందాలు వేసుకుని గుండెకు షాకు ఇచ్చే యంత్రం కొనాలనుకుంటున్నాము. మామూలు మనుషులు వాడవచ్చా?
– యువజన సంఘం సభ్యులు, సఖినేటిపల్లి

జవాబు: వాడవచ్చు. ఎ.ఇ.డి. అనే ఆ యంత్రం మూత తీయగానే తానే మాట్లాడుతూ ఏం చేయాలో చెబుతుంది. రెండు అతుకుడు పట్టీలలో ఒకటి కుడి రొమ్ముకు పైన మెడ ఎముక కింద, రెండవది ఎడమ చంక కింద పక్కటెముకల మీద అంటిస్తే, గుండె లయను అదే చదువుకుని, షాకు అవసరమైతేనే సిద్ధమవుతుంది. అవసరం లేని మనిషికి మీరు మీట నొక్కినా షాకు వెలువడదు. స్నానఘట్టాల దగ్గర వాడదలచుకుంటే ఒక జాగ్రత్త: తడిగుడ్డలతో ఉన్న భక్తుణ్ణి మెట్ల మీది నీళ్లలోంచి పక్కకు లాగి, ఛాతీని పొడి తువ్వాలుతో తుడిచిన తరువాతే పట్టీలు అంటించాలి. షాకు ఇచ్చే క్షణంలో ఎవరూ రోగిని తాకకూడదు. ఇచ్చిన మరుక్షణం నాడి కోసం చూడకుండా నొక్కడం కొనసాగించాలి.

అయితే యంత్రం కొనే ముందు మీ సంఘంలో ఇరవై మంది చేతులు తయారు కావాలని నా అభిప్రాయం. ఎవరూ నొక్కకపోతే యంత్రం వచ్చేసరికి షాకుకు స్పందించే గుండే మిగలదు. 1960లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు ఛాతీ కోయకుండా బయటి నుంచే గుండెను నొక్కవచ్చని ప్రకటించినప్పుడు, ఎవరైనా ఎక్కడైనా దీనిని మొదలుపెట్టవచ్చనీ, కావలసింది రెండు చేతులేననీ రాశారు. విచిత్రమేమిటంటే, వారు షాకు యంత్రం మీద పరిశోధన చేస్తూండగా, బరువైన విద్యుత్ పలకలను కుక్క ఛాతీ మీద అదిమిపెట్టినప్పుడు రక్తపోటు పెరగడం గమనించి ఈ పద్ధతిని కనుగొన్నారు.

కాకినాడ రంగరాయ వైద్య కళాశాల, అమలాపురంలోని వైద్య కళాశాల మీకు దూరం కాదు. అనస్థీషియా విభాగం పేరిట ఒక ఉత్తరం రాసి, బొమ్మతో నేర్పేవారిని పంపమని అడగండి. వారు వచ్చేలోగా గచ్చు మీద గట్టి దిండు వేసుకుని రెండేసి నిమిషాల చొప్పున వంతులు మారుతూ నొక్కడం అలవాటు చేసుకోండి. బతికున్న మనిషి మీద మాత్రం ఎన్నడూ అభ్యాసం చేయకండి. యంత్రాన్ని కొన్న తరువాత దానిని సంఘం గదిలో పెట్టి తాళం వేయవద్దు. తాళంచెవి ఉన్నవాడు ఆ రోజు నరసాపురం వెళ్లి ఉంటాడు.